ఆల్బమ్‌ల ఆలస్యానికి ల్యాబ్ కారణం కాదు

ఏప్రిల్‌లో మా స్టూడియోలో ఔట్‌డోర్ షూట్ చేయించుకున్న మీ అందరికీ ఒక మాట చెప్పాలి. ఆల్బమ్‌లు ఎందుకు రాలేదని ఫోన్ చేసిన కొందరికి ‘ల్యాబ్‌లో లేటవుతోంది’ అన్నాను. అది అబద్ధం. తప్పు నాదే.

మార్చి ఆఖర్లో అమెరికాలోని ఫీనిక్స్‌లో ఉన్న మా బిడ్డ దగ్గరికి వెళ్లాం. గ్రాండ్ కాన్యన్ చూసి ఇక ఇంటికే బయలుదేరాలి. టీ తాగుతూ ఫోన్ చూస్తున్న అల్లుడు, ‘మామయ్యా, యాంటిలోప్ కాన్యన్‌కు రేపు మధ్యాహ్నం టికెట్లున్నాయి, పోదామా’ అన్నాడు. అంతే, కారు పేజ్ అనే ఊరి వైపు తిరిగింది.

ఆ కాన్యన్ ఉన్నది నవాహో అనే అక్కడి ఆదివాసీ తెగవాళ్ల భూమిలో. వాళ్ల గైడ్ లేకుండా లోపలికి పోనివ్వరు. వాననీళ్లు ఇసుకరాయిని కోసుకుంటూ పోగా మిగిలిన సందు అది. కొన్నిచోట్ల చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. గైడ్ అమ్మాయి ముందే రెండు మాటలు చెప్పింది. 1997 ఆగస్టులో ఎక్కడో దూరాన పడ్డ వాన వరదై వచ్చి, పక్కనే ఉన్న దిగువ కాన్యన్‌లో 11 మందిని పొట్టన పెట్టుకుంది, కాబట్టి బయటికి రమ్మంటే వెంటనే రావాలి. రెండోది, లోపల లెన్స్ మార్చొద్దు. మొదటిది ఒళ్లు దగ్గర పెట్టుకుని విన్నాను. రెండోదానికి మాత్రం, ఇరవై రెండేళ్ల నుంచి కెమెరా పట్టినోణ్ని, నాకే చెప్తుందా అనుకున్నాను.

బ్యాగులు రానివ్వరని ఇంకో లెన్స్ జేబులో వేసుకునే వెళ్లాను. మిట్టమధ్యాహ్నం పైనుంచి వెలుగు స్తంభంలా దిగింది. గోడకు ఆనుకుని పది సెకన్లలో లెన్స్ మార్చేశాను. అసలు ఆ వెలుగు అట్లా కనబడేదే గాలిలో దుమ్ము ఉండబట్టి.

ఇక్కడికొచ్చాక మండపాల్లో తీసిన పెళ్లి ఫొటోలు బాగానే వచ్చాయి. లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రాన్ని, అంటే అపర్చర్‌ను, పెద్దగా తెరిచి తీస్తే, లెన్స్ మార్చినప్పుడు సెన్సర్ (కెమెరాలో బొమ్మ పడే పలక) మీద పడ్డ దుమ్ము కనబడదు. ఎండలో ఆ రంధ్రాన్ని ఎఫ్ 11కి, అంటే బాగా చిన్నగా, బిగిస్తే ప్రతి రేణువూ నల్లమచ్చే. ఖిలా వరంగల్ తోరణం దగ్గర తీసినవి చూపిస్తే పెళ్లికూతురి మేనమామ, ‘ఏందన్నా, ఆకాశంల ఈగలు తిరుగుతున్నయా?’ అని నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

కెమెరాను హైదరాబాద్‌లో ఒక సర్వీస్ సెంటర్‌కు ఇచ్చాను. నాలుగు రోజులన్నారు. ఎప్పుడు ఫోన్ చేసినా ‘ప్రాసెస్‌లో ఉంది సార్’. ఏ ప్రాసెసో ఆ దేవుడికే తెలియాలి. రెండుసార్లు బస్సెక్కి పోయి కూర్చున్నా. 26వ రోజున చేతికిచ్చారు. ఇంటికొచ్చి తెల్లగోడను ఫొటో తీసి చూస్తే మూడు మచ్చలు అట్లనే ఉన్నాయి! బిల్లు మాత్రం పూర్తిగా కట్టించుకున్నారు. మళ్లీ వాళ్ల గడప తొక్కను. వేరేచోట, నా కళ్ల ముందే శుభ్రం చేయించాను.

ఇంతకన్నా ఎక్కువ నలిగింది మీకు చెప్పాలా వద్దా అని. ‘గుట్టుగా చెరిపేయండి, ఎవరికి తెలుస్తది’ అంది మా ఆవిడ. ఆకాశంలో మచ్చ చెరపడం నిమిషం పని. కానీ జరీ అంచు మీద, చెంప మీద పడ్డదాన్ని చెరిపితే అక్కడ ఏదో అతికినట్టే ఉంటుంది. అట్లాంటివి మీ చేతికిచ్చి డబ్బు తీసుకోలేను.

అందుకే ఏప్రిల్ ఔట్‌డోర్ ఫొటోలన్నీ వచ్చి చూసుకోండి. నచ్చనివి అదే చోట మళ్లీ తీస్తాను, పైసా వద్దు. కుదరదంటే ఔట్‌డోర్ డబ్బు వాపస్.

షాపులో పెట్టిన ఆ కాన్యన్ ఫొటో తీసేయమని ఇంట్లో పోరు. తీయను. చీకటి గోడల మధ్య తీసింది, అందులో ఒక్క మచ్చ కూడా కనబడదు.