కొత్త బస్సులు సరే, నడిపే డబ్బులేవి? రవాణా మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రవాణా శాఖ మంత్రి గారికి నమస్కరించి రాయునది.

నగర రవాణా ప్రణాళిక మీద ఇప్పటికి మూడు వినతిపత్రాలు ఇచ్చాం. మూడింటికీ రసీదులు ముట్టాయి, జవాబులే రాలేదు. ప్రణాళికలో ఏముందో తమరికి తెలిసిందే కనుక మళ్లీ చెప్పం. ఫ్లైఓవర్లకు పద్దుంది, మెట్రో పొడిగింపుకు పద్దుంది, బస్సుల కొనుగోలుకూ ఉంది. కొన్న బస్సు రోజూ డిపో గేటు దాటడానికయ్యే ఖర్చుకే లేదు. మా గోడు మొత్తం దాని గురించే.

ఒక రూటు లెక్క చూడండి. పోను 70 నిమిషాలు, రాను 70, రెండు చివర్లా పదేసి నిమిషాల విరామం. రౌండుకు 160 నిమిషాలు. పది నిమిషాలకో బస్సు రావాలంటే 16 బస్సులు రోడ్డు మీదుండాలి, మరమ్మతుల కోసం స్పేరు మరో రెండు. ట్రాఫిక్ పెరిగి పోను 90, రాను 90 అయితే రౌండు 200 నిమిషాలకు పోతుంది. అదే పది నిమిషాలు నిలబెట్టడానికి 20 బస్సులు కావాలి. అంటే తమరు జెండా ఊపి పంపిన నాలుగు కొత్త బస్సులతో జనానికి ఒక్క ట్రిప్పు కూడా పెరగదు. ఆ నాలుగూ లేకపోతే పన్నెండున్నర నిమిషాలకో బస్సు. అదీ కాగితం మీద.

రోడ్డు మీద సంగతి వేరు. ముందు బస్సు కాస్త లేటైతే స్టాపుల్లో జనం పోగవుతారు, వాళ్లు ఎక్కేసరికి ఇంకా లేటు. వెనక బస్సుకు జనం తక్కువ కాబట్టి గబగబా వచ్చి దీని తోక పట్టుకుంటుంది. పది నిమిషాలకొకటి రావాల్సినవి ఇరవై నిమిషాలకోసారి జంటగా వస్తే, ప్రయాణికుడు సగటున ఎదురుచూసేది ఐదు నిమిషాలు కాదు, పది. డిపో రికార్డులో మాత్రం గంటకు ఆరు బస్సులు నడిచినట్టే ఉంటుంది. తమరి సమీక్షకు వచ్చేది ఆ అంకే. ఈ లేటును సర్దుకోవడానికే చివరి స్టాపులో విరామం పెడతారు. పొదుపు అనగానే ముందు కోసేది దాన్నే. డ్రైవరు మూత్రానికి వెళ్లొచ్చే సమయం కూడా అందులోదే, అయ్యా.

ఇక సిబ్బంది. రెండు షిఫ్టులు తిరిగే బస్సుకు రోజూ ఇద్దరు డ్రైవర్లు. వారానికో సెలవు కలిపితే ఆ లెక్క 2.33 అవుతుంది, మామూలు సెలవులు, జబ్బులు, శిక్షణ కలిపితే రెండున్నరకు తక్కువ కాదు. వంద బస్సులు కొంటే 250 మంది డ్రైవర్లు! కొనుగోలు ఉత్తర్వులో వాళ్ల ఊసే లేదు. కొన్నాళ్లు ఓవర్‌టైంతో నెట్టుకొస్తారు, ఆ తర్వాత ట్రిప్పులు రద్దు. రద్దయ్యేవి ఏవంటారు? రాత్రి చివరి బస్సు, శివారు బస్సు.

రాయితీ పాసులు ప్రకటించేది ప్రభుత్వం, ఆ సొమ్ము కోసం ఎదురుచూసేది బస్సులు నడిపే సంస్థ. ఈలోగా బ్రేక్ లైనింగులు, క్లచ్ ప్లేట్లు, టైర్లు కొనడం ఆగిపోతుంది. ఒక బస్సులోంచి ఊడదీసి ఇంకోదానికి బిగిస్తారు. స్పేరు అని రాసుకున్న ఆ రెండు బస్సులు ఇలాగే షెడ్డులో అస్థిపంజరాలవుతాయి.

డబ్బు ఎక్కణ్నుంచి తేవాలని అడుగుతారేమో. లండన్‌లో 2003 నుంచి నగర నడిబొడ్డుకొచ్చే కార్ల మీద రుసుము వేశారు, దాని నికర రాబడి రవాణాకే ఖర్చు పెట్టాలని చట్టంలో రాసుకున్నారు. పారిస్ ప్రాంతంలో 1971 నుంచి యజమానులు చెల్లించే జీతాల మొత్తం మీద పన్ను తీసి ప్రజా రవాణాకు ఇస్తున్నారు. హాంకాంగ్ మెట్రో సంస్థ స్టేషన్ల మీదా పక్కనా కట్టిన భవనాల నుంచి రాబడి తెచ్చుకుంటోంది. మన ప్రణాళికలో ఈ అధ్యాయం మొత్తం రెండు మాటలు: 'వినూత్న వనరులు'. అవేమిటో పేర్లు చెబితే వెతుక్కుంటాం.

అన్నిటికన్నా చవక పని ఇంకొకటుంది. పైన లెక్క చెప్పిన రూటులో బస్సులకు విడిగా ఒక లేన్ ఇచ్చి రౌండును 200 నుంచి మళ్లీ 160కి దించండి. నాలుగు బస్సులు, పదిమంది డ్రైవర్లు మిగులుతారు. పెయింటు గీసి వదిలేస్తే మాత్రం నెలలో పార్కింగు స్థలమవుతుంది. కెమెరా, జరిమానా రెండూ ఉండాలి.

కాబట్టి వచ్చే బడ్జెట్లో బస్సుల కొనుగోలు పక్కనే వాటిని నడిపే ఖర్చుకూ పద్దు పెట్టించండి. డ్రైవర్ల నియామకం కొనుగోలు ఉత్తర్వులోనే చేర్పించండి. రాయితీ సొమ్ము నెలనెలా ఇప్పించండి. నడిపే ఖర్చు సంగతి మరవకండి, దయచేసి. మూడు రసీదుల నకళ్లు దీనికి జత చేశాం.

ఇట్లు,
నగర బస్సు ప్రయాణికులు