విత్తనాల పైసలు ఇప్పుడే పంపకు

దేవరకొండ దగ్గర, మన ఊరు
జూలై 16

బిడ్డా,

అందరం మంచిగనే ఉన్నం. "ఫోన్ల నల్లగొండకు వాన చూపెడుతుంది గద నాయినా, పడ్డదా?" అని మొన్న అడిగినవు. జవాబు చెప్పేలోపే మీ అమ్మ ఫోన్ గుంజుకున్నది. పడలేదు బిడ్డా. పొద్దున మొగులు వస్తది, పదింటికల్లా పడమటి గాలి ఊడ్చుకపోతది. మధ్యాహ్నం ఎండ ఏప్రిల్ నెల తీరుగ కొడుతుంది.

నా లెక్క గిలాసతోటి. అడుగు, అంచు ఒకటే వెడల్పున్న స్టీలు గిలాస దొడ్డి గోడ మీద పెట్టి, పొద్దున ఎనిమిదిన్నరకు స్కేలు ముంచి చూస్త. వాతావరణ శాఖోళ్లు గూడ ఆ టైముకే కొలుస్తరు. "మా ఆయన వానను గిలాసతోటి కొలుస్తడు" అని మీ అమ్మ ఊరంత చాటింది. కానీ నోటుబుక్కుల రాసింది ఊకెనే పోదు. జూన్ 13న 24 మిల్లీమీటర్లు, 18న 29. ఆ తర్వాత జూలై 3 నాడు రెండే రెండు. రెండున్నర దాటితేనే దాన్ని వాన పడ్డ దినం అంటరు. అంటే ఇరవై ఎనిమిది దినాల సంది మనకు వాన లేనట్టే.

తప్పు నాదే. 60, 70 మిల్లీమీటర్లు పడి నేల లోపటిదాక తడిసినంకనే పత్తి గింజ పెట్టుమని ఏటా చెప్తరు. నాకు 53కే ఆగబుద్ధి కాలె. పక్క చెల్కలోళ్లు పెడుతున్నరు, రేపు కూలోళ్లు దొరకరేమో అనిపిచ్చింది. కింది రేగడి ముక్కల మొలక నిలబడ్డది. మీది ఎర్ర చెల్కల సగం మాడిపోయింది. ఆ మన్ను నీళ్లను రెండు దినాలు గూడ దాచుకోదు.

ఉన్నదాన్ని కాపాడుకుంటున్న. మీ పెద్దనాయిన ఎడ్లతోటి రెండుసార్లు గుంటుక తోలిచ్చిన. పైమన్ను పొడి అయితే నెర్రెలు మూసుకుంటయి, కింద పదును ఆగుతది. 13-0-45 అనే ఎరువు (పొటాషియం నైట్రేట్) లీటరు నీళ్లకు పది గ్రాములు కలిపి పొద్దుగూకినంక కొడుతున్న.

"సాగర్ నిండితే మీకు నీళ్లే గదా" అని మీ ఆఫీసుల అడిగిన్రన్నవు. నవ్వొచ్చింది. కృష్ణకు నీళ్లు మహారాష్ట్ర, కర్ణాటక కొండల మీద వాన పడితే వస్తయి. ఇక్కడ దుమ్ము లేస్తుంటే కృష్ణ మీది జూరాల డ్యాం గేట్లు ఎత్తుడు నేను ఎన్నిసార్లు చూసిన్నో. ఆ కొండలే మొగులును పిండుకుంటయి, ఇటు వట్టి గాలే దాటుతది. సాగర్ 590 అడుగులు నిండినా ఎడమ కాల్వ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ దిక్కు పోతది, మన మిట్ట చెల్కకు ఎక్కదు.

ఇప్పుడు వానలు తెచ్చే ద్రోణి, అంటే గాలి ఒత్తిడి తక్కువున్న పట్టీ, హిమాలయాల కిందికి జరిగి కూసున్నది, వానంత అక్కడనే కురుస్తుందని రేడియోల చెప్పిన్రు. అది దిగిరావాలంటే బంగాళాఖాతంల అల్పపీడనం పుట్టాలె. వచ్చే వారం పుట్టొచ్చంటున్నరు. నేనైతే గాలిని చూస్తున్న. పడమటి గాలి ఆగి, ఉక్కపోతకు అంగీ ఒంటికి అంటుకున్న దినం నమ్ముత. ఇంకా అంటుకోలె.

మొన్న పిల్లగాండ్లు రోకలికి కప్పను కట్టుకొని కప్పతల్లి ఆడుకుంట వచ్చిన్రు. బోరు మూడు గంటలు గూడ పొయ్యని ఈ దినాలల్ల మీ అమ్మ బిందెడు నీళ్లు కుమ్మరిచ్చింది! నేను ఏమీ అనలే.

నాలుగు దినాలల్ల పుష్యమి కార్తె. పత్తి మళ్ల పెట్టే అదును గూడ అప్పటికే దాటుతది. అందుకే నువ్వు పంపుతనన్న పైసలు నీ దగ్గరనే ఉంచు. ఇప్పుడు ప్యాకెట్లు కొంటే ఆ గింజ గూడ మాడుతది. గిలాసల ఈసారి 60 చూసినంకనే కదులుత. అప్పుడు మీది చెల్కల పత్తి వద్దు, కందో ఆముదమో వేస్త. గింజలు మీ మేనమామ ఇంట్ల ఉన్నయి. 2023 ఆగస్టు యాదికున్నదా? 1901 నుంచి ఉన్న లెక్కలల్ల దేశం మొత్తానికి అంత పొడి ఆగస్టు లేదన్నరు. ఆ ఏడు రెండుసార్లు విత్తి నేను అప్పు చేసింది నీకు చెప్పలే, ఇప్పుడు చెప్తున్న.

బోనాలకు వచ్చేటప్పుడు గీతలున్న ప్లాస్టిక్ వానమాపకం ఒకటి తే. గిలాస వాపసు ఇయ్యుమని మీ అమ్మ దినాం అడుగుతుంది.

నీ
నాయిన