అమ్మకి చదవొద్దు, ఇది నీకే

హింద్ నగర్, కొరియా
30 డిసెంబరు 1953

ఒరేయ్ సుబ్బూ,

నీ ఉత్తరం అందింది. సగం తిట్లే ఉన్నాయి కాబట్టి కులాసాగానే ఉన్నావనుకుంటున్నా. ఈ కవర్లో రెండు కాయితాలున్నాయి చూడు, చిన్నది అమ్మకి, ఎప్పట్లాగే నువ్వే చదివి వినిపించు. ఇది మాత్రం ఎవరి కంటా పడనివ్వకు.

అమ్మకి చలిగా ఉందని రాశానంతే. సిరా గడ్డకట్టే చలిరా బాబూ, అందుకే ఈ పెన్సిలు గీతలు. దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీ తన నేల మీద మన సైన్యం కాలు పడడానికి వీల్లేదంటే ఇంచన్ రేవులో ఓడ మీంచే హెలికాప్టరెక్కించి మమ్మల్నిక్కడ దింపారు కదా, గాలిమోటారెక్కానని రాసిన పాపానికి ఆవిడ అన్నం మానేసిందని నువ్వే రాశావు. ఇక మేం కాపలా కాసే యుద్ధఖైదీలు రాళ్ళు రువ్వే సంగతి, అక్టోబరు మొదట్లో వాళ్ళు తిరగబడితే మనవాళ్ళు కాల్పులు జరపాల్సి రావడం, కొందరు చచ్చిపోవడం ఎలా రాయమంటావు?

జులైలో యుద్ధమైతే ఆగింది గానీ, ఇంటికి పోమని భీష్మించిన 22,000 పైచిలుకు ఖైదీలు మా నెత్తిన పడ్డారు, అందులో చైనావాళ్ళే 14,000 దాటారు. తొంభై రోజుల గడువిచ్చి, వాళ్ళ దేశాల వాళ్ళొచ్చి నచ్చజెప్పుకోవచ్చన్నారు. పట్టుమని పది రోజులు కూడా సాగలేదేమో, అదీ అరుపులూ కేకలూ. ఈ నెల 23తో గడువు అయిపోయింది. ఇక్కడి వ్యవహారమంతా చూసే మన జనరల్ తిమ్మయ్యగారికి ఎన్ని తలనొప్పులో! (ఆయన మన తెలుగాయనే అని అమ్మ నమ్మకం. కొడగు ఆయన అని చెప్పకు, ధైర్యంగా ఉంటుంది.)

మొన్న ఒక చైనా కుర్రాడికి చేతికి కట్టు కట్టాను. మోచేతి నుంచి మణికట్టు దాకా పచ్చబొట్టు, అన్నీ కమ్యూనిస్టులను తిట్టే మాటలేనట. తనే పొడిపించుకున్నాడో, పక్కవాళ్ళు పట్టుకుని పొడిచారో ఎవడికి తెలుసు, రెండు రకాలూ ఉన్నారంటారు. ఆ చెయ్యేసుకుని వాళ్ళ ఊళ్ళో ఎలా అడుగుపెడతాడురా? కట్టు కడుతున్నంతసేపూ స్లీవు కిందికి లాక్కుంటూనే ఉన్నాడు. వాడికీ ఉత్తరం కోసం చూసే తల్లి ఉండే ఉంటుంది.

సరే, కవరు మీది తపాలా బిళ్ళలు చించెయ్యకు. మన నటరాజు రెండణాల బిళ్ళే, కాకపోతే మీద ‘భారతీయ సంరక్షా కటక్ కొరియా’ అని మా కాపలా దళం పేరు నాగరిలో అచ్చేశారు. నీళ్ళలో నానబెట్టి తియ్యి, ఒకటి అమ్మకివ్వు, కళ్ళకద్దుకుంటుంది.

నేను బయల్దేరినప్పుడు మద్రాసు రాష్ట్రం వాణ్ణి, తిరిగొచ్చేది ఆంధ్ర రాష్ట్రానికి! కర్నూల్లో ఆఫీసులు గుడారాల్లో పెట్టారటగా, ప్రకాశం పంతులుగారికీ మాకూ ఒకటే వసతి అన్నమాట.

చెల్లాయి సంబంధం ఏమైంది? అమ్మ నీ చేత రాయించే ఉత్తరాల్లో ఎప్పుడూ ‘అందరం క్షేమం’ తప్ప ఇంకో ముక్క ఉండదు. ఆవిడ రాయొద్దన్నవన్నీ వేరే కాయితం మీద రాసి పంపు.

నీ
రాముడు