జులై పూలు చూపించి జూన్ తేదీలు అమ్మారు: పూల లోయ టూర్‌పై ఫిర్యాదు

కడియం, తూర్పు గోదావరి జిల్లా
2025 జూన్ 24

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: జూన్ 2 నుంచి 8 వరకు మీరు నడిపిన 'వేసవి సెలవుల పూల లోయ' టూర్ గురించి, మాకు ఇచ్చిన తప్పుడు సమాచారం, రావాల్సిన డబ్బు, జులై బ్యాచ్ ప్రయాణికుల భద్రత గురించి.

అయ్యా,

మార్చి 9న మీ బ్రాంచి ఆఫీసుకు వచ్చి, ఉత్తరాఖండ్‌లోని పూల లోయ (వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్) చూపించే ఈ టూర్ నలుగురికి బుక్ చేశాను. మా అమ్మగారు, నా భార్య, ఎనిమిదో తరగతి పూర్తి చేసిన మా పాప, నేను. హరిద్వార్‌లో ఎక్కించుకుని మళ్ళీ హరిద్వార్‌లో దింపేందుకు తలకు 36,500 చొప్పున మొత్తం 1,46,000 రూపాయలు కట్టాం. రైలు ఖర్చు మాదే. తిరిగొచ్చాక జూన్ 11న ఫోన్ చేసి జరిగింది చెబితే, "ప్రకృతి మన చేతుల్లో ఉండదు కదా సార్" అన్నారు మీ వాళ్ళు. నిజమే, ఉండదు. నేను ప్రకృతి మీద ఫిర్యాదు చేయడం లేదు. ఆ లోయలో పూలు ఎప్పుడు పూస్తాయో మీకు తెలుసు. మేం అడిగాం. మీరు చెప్పలేదు. ఈ ఉత్తరం దాని గురించే.

మాది చిన్న నర్సరీ. మొక్క కొనడానికి వచ్చినవాళ్ళకు అది ఏ నెలలో పూస్తుందో, ఎన్నాళ్ళకు కాపుకొస్తుందో చెప్పి అమ్ముతాం. చెప్పకుండా అమ్మితే మళ్ళీ మా గుమ్మం తొక్కరు. మా అమ్మగారు జిల్లా పరిషత్ హైస్కూల్లో 31 ఏళ్ళు నేచురల్ సైన్స్ చెప్పి రిటైరయ్యారు. ఇప్పుడు 66 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. ఒక్కసారి ఆ లోయ చూడాలని ఆవిడకు ఎప్పటినుంచో కోరిక. అక్కడ చూడాల్సిన పూల పేర్లు ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకున్నారు: బ్రహ్మకమలం, నీలి గసగసాల పువ్వు, కోబ్రా లిల్లీ, ఇంకా రెండు పేజీలు.

అందుకే డబ్బు కట్టే ముందే మీ ఎగ్జిక్యూటివ్‌ను వాట్సాప్‌లో మూడు ప్రశ్నలు అడిగాను. జూన్ మొదటివారంలో పూలు ఉంటాయా? మోకాళ్ళ నొప్పులున్న మనిషికి గుర్రం ఎక్కడిదాకా దొరుకుతుంది? వానల వల్ల ఇబ్బంది ఉంటుందా? వచ్చిన జవాబులు ఇవి: "పార్కు జూన్ 1న ఓపెన్ సార్, ఓపెన్ అయిందంటే పూలున్నట్టే." "గుర్రం లోయ దాకా వెళ్తుంది, అమ్మగారికి టెన్షన్ అవసరం లేదు." "జూన్‌లో వానలు పడవు, అందుకే ఇది బెస్ట్ సీజన్." మూడింటి స్క్రీన్‌షాట్లూ ఈ ఉత్తరంతో జత చేశాను.

మూడో జవాబు కొంతవరకు నిజం. మొదటి రెండూ అబద్ధాలు. మూడోది నిజమైతే మొదటిది నిజం కావడానికి వీల్లేదని మీలాంటి వాళ్ళకు తెలియకుండా ఉండదు.

ఆ లోయలో పూలు పూయాలంటే ముందు మంచు కరగాలి, ఆ తర్వాత వానలు దిగాలి. ఋతుపవనాలు ఉత్తరాఖండ్ కొండలకు చేరేది మామూలుగా జూన్ మూడో వారం దాటాక. లోయ నిండా పూలుండేది జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య వరకు. పార్కు జూన్ 1న తెరిచి అక్టోబర్ 31న మూస్తారు. గేటు తెరవడం వేరు, పూలు పూయడం వేరు. పూలు చూడాలంటే వానలో వెళ్ళక తప్పదు. వాన వద్దనుకుంటే పూల మీద ఆశ పెట్టుకోకూడదు. బుకింగ్ రోజున ఈ మాట ఒక్కటి చెప్పి ఉంటే, మా అమ్మగారి దగ్గర కూర్చుని ఏది కావాలో మేమే తేల్చుకునేవాళ్ళం. మా పిల్లల బడులు జూన్ 12న తెరుస్తారు కాబట్టి మీకు సెలవుల బేరం కావాలి. దానికోసం ఆ ఒక్క మాట దాచారు.

మీ బ్రోచర్‌లోనే ఈ సంగతి ఉంది. 1931లో ఫ్రాంక్ స్మైత్ అనే బ్రిటిష్ పర్వతారోహకుడు కామెట్ శిఖరం ఎక్కి దిగుతూ ఈ లోయను చూశాడని రెండో పేజీలో గొప్పగా వేశారు. నెల మాత్రం వేయలేదు. ఆయన బృందం కామెట్ ఎక్కింది ఆ ఏడాది జూన్ 21న. లోయలోకి దిగింది ఆ తర్వాత, వానాకాలం మొదలయ్యాక. జూన్ 4న వచ్చి ఉంటే ఆయనకూ మాకు కనిపించినట్టు మంచే కనిపించేది. ఇది మా అమ్మగారు తిరుగు ప్రయాణంలో రైల్లో మీ బ్రోచర్ మళ్ళీ చదువుతూ నాకు చెప్పిన మాట.

ఇంకోటి. 'బ్రహ్మకమలం దర్శనం' అని ముఖచిత్రం మీద వేసిన ఫోటో బ్రహ్మకమలం కాదు. మన ఇళ్ళలో కుండీల్లో పెంచుకునే, రాత్రిపూట తెల్లగా విచ్చుకునే మొక్కది. దాన్నీ మనవాళ్ళు బ్రహ్మకమలం అనే పిలుస్తారు, మేమూ ఆ పేరుతోనే అమ్ముతాం. కానీ అది జెముడు జాతి మొక్క, పుట్టిల్లు అమెరికా ఖండం. ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పమైన అసలు బ్రహ్మకమలం ఎత్తయిన కొండల్లో రాళ్ళ మధ్య పెరుగుతుంది. పల్చటి కాగితం లాంటి లేత పసుపుపచ్చ రేకులు దాన్ని కప్పి ఉంటాయి. అదీ వానాకాలంలోనే పూస్తుంది. మా అమ్మగారు మార్చిలోనే ఈ తేడా పట్టుకున్నారు. అడిగితే, "డిజైనర్ తప్పు వేశాడు, పువ్వు మాత్రం గ్యారంటీ" అన్నారు. ఫోటోలో ఉన్న మొక్క ఏదో చూసుకోని సంస్థ, ఆ మొక్క పూసే నెల చూసుకుంటుందని నమ్మడం నా పొరపాటే.

ఇక ప్రయాణం. మీ డ్రైవర్ చాలా జాగ్రత్తగా నడిపారు. జోషీమఠ్‌లో గది శుభ్రంగా ఉంది, భోజనానికి లోటు లేదు. వీటి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదని ముందే చెబుతున్నాను. గోవింద్‌ఘాట్ నుంచి పుల్నా దాకా జీపు, అక్కడి నుంచి లోయకు ముందు బస చేసే ఊరు ఘాంఘరియాకు సుమారు 10 కిలోమీటర్ల ఎక్కుడు. అమ్మగారు గుర్రం మీద వచ్చారు. నడుము పట్టేసింది, అయినా నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. మర్నాడు జూన్ 4, పొద్దున్నే బయల్దేరాం. సిక్కుల పుణ్యక్షేత్రం హేమకుండ్ దారీ లోయ దారీ విడిపోయే చోట గుర్రాన్ని ఆపేశారు. పూల లోయలోకి గుర్రాలను రానివ్వరట. ఆ నిబంధన మంచిదే. దాని గురించి మాకు ఎవరూ చెప్పకపోవడమే మంచిది కాదు.

మీ టూర్ మేనేజర్ అప్పుడు, "బుట్టలో కూర్చోబెట్టి వీపు మీద మోసేవాళ్ళు ఉంటారు, ఆ డబ్బులు మీరు ఇచ్చుకోవాలి" అన్నారు. బుట్ట పట్టుకుని వచ్చిన కుర్రాడికి ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. మా అమ్మగారు అతన్ని చూసి, "నా బడి పిల్లాడిలా ఉన్నాడురా, వీడి వీపెక్కి నేను పూలు చూడలేను" అన్నారు. గేటు దగ్గర రాయి మీద కూర్చుండిపోయారు. నా భార్య తోడుగా ఆగిపోయింది. నేనూ పాపా లోపలికి వెళ్ళాం.

పుష్పావతి నది మీద వంతెన దాటి, ఎక్కుడు ఎక్కి, లోయ కనిపించే చోటికి చేరాం. వాగులు దిగే చోటల్లా గట్టిపడిన మంచు. దాని మీద అడుగులు తవ్వి ఉంటే జారకుండా కర్రలు ఆనించి దాటాం. మిగతా నేలంతా నిరుడు ఎండిన గోధుమరంగు గడ్డి, దాని మధ్య అప్పుడే తలెత్తుతున్న మొలకలు. మంచు అంచున చిన్న ఊదారంగు పూలు అక్కడక్కడా కనిపించాయి. అందంగా లేదని నేను అనను. చుట్టూ తెల్లటి కొండలు, కింద నది హోరు. అలాంటి చోటు నా జన్మలో చూడలేదు. 2005లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిందంటే ఊరికే కాదు. కానీ మీ బ్రోచర్‌లో ఉన్న రంగుల తివాచీ అక్కడ లేదు. ఆ నెలలో ఉండదు కూడా. అక్కడి గైడ్‌ను అడిగితే, "జులై ఆఖర్లో రావాల్సింది, ఇప్పుడు మిమ్మల్ని ఎవరు పంపించారు?" అన్నాడు.

తిరిగి గేటు దగ్గరికి వచ్చేసరికి అమ్మగారు నోట్‌బుక్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. "ఎన్ని దొరికాయే?" అని మనవరాలిని అడిగారు. "రెండు నాన్నమ్మా, పేర్లు తెలీవు" అంది పాప. ఆవిడ పుస్తకం మూసేశారు. రీఫండ్ లెక్కలో ఇది ఎక్కడా రాదని తెలుసు. అయినా మీకు తెలియాలని రాస్తున్నాను.

హేమకుండ్‌కు నేనూ పాపా వెళ్ళాం. సరస్సు చాలావరకు గడ్డకట్టే ఉంది. గురుద్వారాలో పెట్టిన వేడి కిచిడీ తిన్నాకగాని పాప చేతులు వెచ్చబడలేదు. అది 4,300 మీటర్ల ఎత్తు. అంత ఎత్తులో తలనొప్పి, వాంతులు వస్తే వెంటనే కిందికి దించాలని మీ వాళ్ళు మా బ్యాచ్‌లోని 22 మందిలో ఒక్కరికీ చెప్పలేదు.

ఇప్పుడు అసలు భయం కలిగించిన విషయం. నా ఫిర్యాదు విన్నాక మీరు నాకో ఆఫర్ ఇచ్చారు: జులై 26 బ్యాచ్‌లో తలకు 5,000 తగ్గింపుతో మళ్ళీ రావచ్చని. ఆ షెడ్యూల్ తెప్పించుకుని చూశాను. జూన్‌లో మాకిచ్చిన ఏడు రోజుల షెడ్యూలే, తేదీలు మార్చారంతే. ఆఖరి రోజు ఉదయం జోషీమఠ్‌లో బయల్దేరి, సాయంత్రానికి హరిద్వార్ చేరి, అదే రాత్రి రైలెక్కాలి. మధ్యలో ఒక్క ఖాళీ రోజు లేదు.

వానాకాలంలో ఆ బదరీనాథ్ రోడ్డు ఎలా ఉంటుందో నాకన్నా మీకే బాగా తెలియాలి. సిరోబగడ్, పాగల్ నాలా లాంటి చోట్ల కొండచరియలు విరిగిపడి దారి మూసుకుపోవడం ఏటా జరిగేదే. ఒక్కోసారి గంటల్లో తీస్తారు, ఒక్కోసారి రోజులు పడుతుంది. రాత్రిపూట ఆ కొండదారిలో బండ్లు ఆపేస్తారు. అలాంటి చోట రైలు తప్పిపోతుందన్న తొందరలో డ్రైవర్‌ను తరిమితే ఏమవుతుంది? 2013 జూన్ 16, 17 తేదీల్లో కేదారనాథ్ వరద వచ్చినప్పుడు మన వైపు నుంచి వెళ్ళిన యాత్రికులు ఎందరో ఆ కొండల్లో చిక్కుకుపోయారు. ఇళ్ళలో ఉన్నవాళ్ళం రోజుల తరబడి ఫోన్ల దగ్గరే కూర్చున్నాం. ఆ ఏడాది వానలు ముందే దిగాయి. ఈ ఏడాది కూడా ఋతుపవనాలు మే 24నే కేరళను తాకాయి. షెడ్యూల్ రాసేవాళ్ళు ఇవన్నీ చూసి రాయాలి.

కాబట్టి నేను కోరేవి చెబుతున్నాను. మీ బిల్లులోనే ఘాంఘరియా మూడు రోజులకు తలకు 13,200 వేశారు. నలుగురికి 52,800 రూపాయలు. ఆ మొత్తం తిరిగి ఇవ్వండి. మిగతా సేవలు సరిగానే అందాయి కనుక పూర్తి డబ్బు అడగడం లేదు. తగ్గింపు కూపన్ వద్దు. బ్రోచర్‌లో పూలు పూసే నెలలు, గుర్రం ఆగే చోటు స్పష్టంగా అచ్చువేయండి, బ్రహ్మకమలం ఫోటో మార్చండి. అన్నిటికన్నా ముందు, జులై 26 బ్యాచ్‌లో డబ్బు కట్టిన వాళ్ళందరికీ ఫోన్ చేసి వానల సంగతి, రోడ్డు సంగతి చెప్పండి. షెడ్యూల్‌లో కనీసం రెండు ఖాళీ రోజులు కలపండి. అలా వీలుకాదన్న వాళ్ళకు కోత లేకుండా డబ్బు వాపసు ఇవ్వండి. నా రీఫండ్ నాలుగు రోజులు ఆలస్యమైనా ఫరవాలేదు, ఈ పని మాత్రం ఈ వారంలోనే జరగాలి.

ఉత్తరం అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటన, సేవాలోపం పేరిట మా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. కేసు మేం ఉండే చోటే వేసుకునే వీలు ఆ చట్టంలో ఉంది.

రసీదు, వాట్సాప్ స్క్రీన్‌షాట్లు, బ్రోచర్ జెరాక్స్, జూన్ 4న లోయలో పాప తీసిన తొమ్మిది ఫోటోలు జత చేశాను. ఫోటోల వెనక తేదీలు మా అమ్మగారు తన చేత్తో రాశారు.

ఇట్లు,
జూన్ 2 బ్యాచ్ ప్రయాణికుడు