హద్దు గీత గురించి కూడా రాయండి

సంపాదకులకు,

అమెరికా నగరాల శివార్లలోని పెద్ద ప్రభుత్వ హైస్కూళ్లను మన బడులకు ఆదర్శంగా చూపే వ్యాసాలు తెలుగు పత్రికల్లో తరచుగా వస్తుంటాయి. ఈత కొలను, నాటకశాల, ప్రయోగశాలలు, ఇవన్నీ ఉన్నా ట్యూషన్ ఫీజు లేని చదువు అని చదివినప్పుడు, ఉద్యోగ జీవితమంతా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో గడిపిన నాకు సంతోషంగానే ఉంటుంది. ప్రభుత్వ బడి అంత గొప్పగా నడవగలదన్న మాట పదిమందికీ తెలియాల్సిందే. అయితే ఆ బడి ఎవరి డబ్బుతో పెరిగిందో, ఎవరిని గడప దాటనిచ్చిందో చెప్పకపోతే పాఠకుడికి సగం చరిత్రే అందుతుంది.

చికాగోకు ఉత్తరాన, మిషిగన్ సరస్సు ఒడ్డున విన్నెట్కాలో ఉన్న న్యూ ట్రయర్ హైస్కూలునే తీసుకుందాం. తమ ప్రాంతానికి ఒక హైస్కూలు కావాలని అక్కడి ఓటర్లు 1899లో తీర్మానించారు. 1901 ఫిబ్రవరి 4న 76 మంది విద్యార్థులతో, 7 మంది ఉపాధ్యాయులతో బడి మొదలైంది. ఇప్పుడు అందులో దాదాపు నాలుగు వేల మంది చదువుతున్నారు. హాలీవుడ్ నటులు చార్ల్‌టన్ హెస్టన్, రాక్ హడ్సన్, అమెరికా రక్షణ మంత్రిగా పనిచేసిన డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్ అక్కడి పూర్వ విద్యార్థులే.

ఆ బడి పద్ధతుల్లో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది 1920లలో మొదలై నేటికీ కొనసాగుతున్న సలహాదారు విధానం. పాతిక మందికి అటూ ఇటూగా ఉండే ఒక్కో జట్టును ఒక్కో ఉపాధ్యాయుడికి అప్పగిస్తారు. రోజూ ఉదయం పాఠాలకు ముందు ఆ జట్టు ఆయన దగ్గర కూర్చుంటుంది. ఏ పిల్లవాడు దేనిలో వెనుకబడ్డాడో, ఏ అమ్మాయి ఎందుకు ముభావంగా ఉంటోందో ఆయనకు తెలుస్తుంది. కొత్తగా చేరిన పిల్లల ఇళ్లకు సలహాదారు వెళ్లి తల్లిదండ్రులతో మాట్లాడి రావడం కూడా అక్కడ ఆనవాయితీగా ఉండేది. మన దగ్గర పదో తరగతి పరీక్షల ముందు విద్యార్థులను ఉపాధ్యాయులకు దత్తత ఇచ్చే పద్ధతి ఉంది కానీ, అది పరీక్షలతోనే ముగిసిపోతుంది. ఆరో తరగతి నుంచే దాన్ని మొదలుపెట్టడానికి ఈత కొలనుకు అయ్యేంత ఖర్చేమీ కాదు. కావాల్సింది చాలినంత మంది ఉపాధ్యాయులు.

ఇక డబ్బు సంగతి. న్యూ ట్రయర్ ఆదాయంలో అత్యధిక భాగం స్థానిక ఆస్తి పన్ను నుంచి వస్తుంది. ఇళ్ల విలువ ఎక్కువైతే పన్ను ఎక్కువ, పన్ను ఎక్కువైతే బడికి రాబడి ఎక్కువ, బడికి పేరొస్తే ఇళ్ల విలువ మళ్లీ పెరుగుతుంది. అక్కడ స్థిరపడిన మన తెలుగువాళ్లు ఇల్లు కొనే ముందు స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే ఏ బడి హద్దులోకి ఆ ఇల్లు వస్తుందని అడిగేది ఇందుకే; ఆ హద్దు లోపల నివసించేవారి పిల్లలకే ఆ బడిలో చోటు. వారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, పిల్లల మేలు ఎవరైనా చూసుకుంటారు. కానీ ఆ హద్దు లోపల ఎవరు ఉండవచ్చునన్నది ఎప్పుడూ డబ్బు ఒక్కటే తేల్చలేదు. ఆ బడి పరిధిలోని కెనిల్‌వర్త్ గ్రామాన్ని స్థాపించినప్పుడే స్థలాలను తెల్లవారికి మాత్రమే అమ్మాలన్న షరతు పెట్టారు. 1965లో, విద్యార్థులు పెరిగిపోవడంతో న్యూ ట్రయర్ రెండో ప్రాంగణాన్ని తెరిచిన ఏడాదే, జూలై 25న మార్టిన్ లూథర్ కింగ్ విన్నెట్కా పచ్చికబయల్లో వేలాది మంది ఎదుట ప్రసంగించారు. ఆ ఊళ్లలో నల్లజాతివారికి ఇళ్లు అమ్మాలని కోరుతూ జరిగిన ఉద్యమానికి మద్దతుగా ఆయన అక్కడికి వచ్చారు.

2008 సెప్టెంబరు 2న, చికాగోలో బడులు తెరిచిన మొదటి రోజున, బడుల నిధుల్లోని ఈ తేడాను నిరసిస్తూ, ఇల్లినాయ్ రాష్ట్ర సెనేటర్ జేమ్స్ మీక్స్ ఆధ్వర్యంలో నగరంలోని వెయ్యి మందికి పైగా పిల్లలు తమ బడులకు వెళ్లకుండా బస్సుల్లో న్యూ ట్రయర్ ప్రాంగణానికి వచ్చారు. బల్లల ముందు వరుసలు కట్టి ప్రవేశ దరఖాస్తులు నింపారు. హద్దు అవతల నివసించేవారు కనుక ప్రవేశం దొరకదని వారికి ముందే తెలుసు. ఆ రోజుల్లో ఒక్కో విద్యార్థిపై న్యూ ట్రయర్ ఏటా సుమారు 17 వేల డాలర్లు ఖర్చు పెడుతుంటే, చికాగో బడుల్లో అది 11 వేలకు లోపే ఉండేది.

దీన్ని న్యాయస్థానం సరిదిద్దవచ్చు కదా అనిపిస్తుంది. అయితే టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో పేద తల్లిదండ్రులు ఇదే అన్యాయంపై వేసిన కేసులో, విద్య సమాఖ్య రాజ్యాంగం హామీ ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని 1973లో అమెరికా సుప్రీంకోర్టు 5–4 తేడాతో తీర్పు చెప్పింది. ఇల్లినాయ్ రాష్ట్రం 2017లో చట్టం మార్చి, కొత్తగా వచ్చే నిధులు అవసరం ఎక్కువగా ఉన్న బడులకు ముందు చేరేలా చేసింది కానీ, ఆస్తి పన్ను వ్యవస్థ అలాగే ఉంది.

మన దగ్గర పరిస్థితి వేరు. 86వ సవరణతో 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు విద్య ప్రాథమిక హక్కయింది. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం కానీ, ప్రభుత్వ ఉపాధ్యాయుడి జీతం ఊరి పన్ను మీద ఆధారపడదు. శేరిలింగంపల్లిలో పనిచేసినా ఉట్నూరులో పనిచేసినా అది రాష్ట్ర ఖజానా నుంచే వస్తుంది. దీని విలువ మనం గుర్తించడం లేదు. పైగా బడుల బాగు కోసం దాతల వైపు, కంపెనీల సామాజిక బాధ్యత నిధుల వైపు చూడడం ఎక్కువవుతోంది. దాతలకు కృతజ్ఞతలు చెప్పాల్సిందే. కానీ కంపెనీలు, విదేశాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులు ఉన్న ఊళ్ల బడులకే ఆ సొమ్ము సులువుగా చేరుతుంది. మన్యంలోని ఆశ్రమ పాఠశాలకు అలాంటి దాత ఎవరు దొరుకుతారు? గదులు, మరుగుదొడ్లు, ఖాళీ పోస్టుల భర్తీ ఖజానా బాధ్యతగానే ఉండాలి. దాతల సొమ్ము దానిపైన అదనం కావాలి. ఏ మండలంలో ఏ ప్రభుత్వ బడికి దాతల నుంచి ఎంత వచ్చిందో ఏటా ప్రకటించాలని రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, హనుమకొండ