కోళ్ల మరణాలకు ఎండనొక్కదాన్నే నిందించడం తగదు

సంపాదకులకు నమస్కారం.

ఎండలకు షెడ్లలో బ్రాయిలర్ కోళ్లు చనిపోతున్నాయని, చికెన్ ధర పెరగవచ్చని గత వారం మీ పత్రికలో వచ్చిన వార్త చదివాను. రైతుల నష్టం గురించీ ధరల గురించీ అంత వివరంగా రాసిన ఆ వార్తలో, ఈ కోళ్లే ఎందుకు ఇంత సులువుగా ప్రాణాలు విడుస్తున్నాయన్న ప్రశ్న ఒక్క వాక్యంలోనైనా లేకపోవడం బాధ కలిగించింది. ఏటా వేసవిలో ఇదే వార్త వస్తుంది, పైకప్పు మీద నీళ్లు చల్లండి, తడి గోనెపట్టాలు కట్టండి అని చెప్పి అధికారులు తమ పని అయిపోయిందనుకుంటారు.

కోడికి చెమట పట్టదు. ఎండల్లో ఎక్కువగా నోరు తెరిచి రొప్పుతూ ఒంటి వేడిని తగ్గించుకోవాలి. కెనడా శాస్త్రవేత్తలు 1957 నాటి మాంసపు కోడి రకాన్నీ 2005 నాటి రకాన్నీ ఒకే మేతతో పెంచి చూస్తే, 56 రోజులకు మొదటిది 905 గ్రాములు, రెండోది 4,202 గ్రాములు తూగాయి. అంత వేగంగా కండ పట్టే శరీరంలో పుట్టే వేడీ ఎక్కువే, దాని బరువును మోయడానికి కాళ్లూ గుండే చాలవు. చివరి వారంలో ఎన్నో కోళ్లు నడవలేక తడిసిన ఊక మీదే కూలబడి ఉండటం, పాదాలు పుండ్లు పడటం, అమ్మోనియా ఘాటుకు మనిషికే కళ్లు మండటం మా షాద్‌నగర్ చుట్టుపక్కల షెడ్లలోకి వెళ్లిన ఎవరైనా చూడవచ్చు. కోడికి ఒక చదరపు అడుగు చోటు అన్నదే ఇక్కడి లెక్క.

ఇందుకు రైతును తప్పుపట్టలేను. కంపెనీతో ఒప్పందం మీద సాగే ఈ పెంపకంలో పిల్ల, మేత, మందు కంపెనీవి. షెడ్డు, కరెంటు, చాకిరీ రైతువి. పెంచినందుకు కంపెనీ కిలోకు ఇంతని ఇచ్చే గ్రోయింగ్ చార్జీతో బ్యాంకు వాయిదా కట్టుకోవలసిన మనిషికి ఏ రకం పిల్లను పెంచాలో నిర్ణయించే అధికారమే లేదు. వేసవి బ్యాచ్‌ను పలచగా వేయమని మా బంధువు ఒకరు అడిగితే, వారి కంపెనీ సూపర్‌వైజరు ఒప్పుకోలేదు.

నిబంధనలు లేక ఇలా జరుగుతోందా అంటే, అదీ కాదు. ఉష్ణోగ్రత 25 డిగ్రీలు దాటితే కోళ్లను రవాణా చేయకూడదని, ఎండ తగలనీయకూడదని 2001లో సవరించిన జంతు రవాణా నిబంధనలు చెబుతున్నాయి. మే నెల మిట్టమధ్యాహ్నం ట్రేలు ఒకదానిపై ఒకటి పేర్చిన లారీలు, కాళ్లు కట్టి తలకిందులుగా కోళ్లను వేలాడదీసుకుపోయే బైకులు జాతీయ రహదారి మీద అందరి కళ్లెదుటే తిరుగుతున్నాయి. హెల్మెట్ లేదని ఆపే పోలీసులు వీటిని ఆపగా నేను చూడలేదు. బ్రాయిలర్ కోళ్ల పెంపకానికి, చట్టాలపై కేంద్రానికి సలహాలిచ్చే లా కమిషన్ 2017 జులైలో తన 269వ నివేదికలో ముసాయిదా నిబంధనలే రాసి ఇచ్చింది. వాటి ఊసు ఏ అధికారి నోటా వినిపించదు. కాగితం మీద రాసి బీరువాలో పెట్టడమే పాలన అనుకునే అలవాటు మన కార్యాలయాలను వదిలేలా లేదు.

మరో మార్గం లేదని ఎవరూ అనవద్దు. ఆరుబయట తిరుగుతూ నెమ్మదిగా ఎదిగే వనరాజా రకాన్ని రూపొందించిన కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ మన రాజేంద్రనగర్‌లోనే ఉంది. ఫ్రాన్స్‌లో 'లేబుల్ రూజ్' అనే నాణ్యతా గుర్తు కావాలంటే కోడిని కనీసం 81 రోజులు పెంచాలి, బయట తిరగడానికి కోడికి రెండు చదరపు మీటర్ల స్థలం చూపాలి. అక్కడ ఆ కోడిని ఎక్కువ ధరకే కొంటున్నారు. ఇక్కడా నాటుకోడికి రెట్టింపు ధర ఇచ్చేవారు ఎందరో ఉన్నారు. కానీ తాము కొన్నది ఎలా పెరిగిందో తెలుసుకునే దారి వారికి లేదు.

రంగు ఈకలు చూపి నాటుకోడి అని అమ్మేవారిని అరికట్టేలా, పెంపకం తీరును తనిఖీ చేసి ప్రభుత్వమే ఒక గుర్తు ఇవ్వాలి. నెమ్మదిగా పెరిగే రకాల పిల్లలు మండల కేంద్రంలోనే రైతుకు దొరకాలి. వేసవిలో షెడ్డులో కోళ్ల సంఖ్య తగ్గించడం కంపెనీల బాధ్యతగా ఒప్పందంలోనే రాయించాలి, అలా తగ్గిన ఆదాయాన్ని రైతు నెత్తిన వేయకూడదు. వచ్చే వేసవిలో ఇదే వార్త రాసేటప్పుడు మీ విలేకరి ఈ మూడింటిపై పశుసంవర్ధక శాఖను ప్రశ్నించి, వచ్చిన జవాబును ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, షాద్‌నగర్