నంబరు పెద్దదైతే ఫిల్టర్ మంచిదా?

సంపాదకులకు నమస్కారం.

మారతహళ్లిలో మా అబ్బాయి ఫ్లాట్‌కి సీలింగ్ లోపల డక్ట్ ఏసీ ఉంది. చలికాలంలో వేడిగాలి కూడా ఇస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు మెట్రో పనుల దుమ్ము ఒకవైపు, ఖాళీ జాగాల్లో వయ్యారిభామ పుప్పొడి ఇంకోవైపు. నా తుమ్ములు వినలేక వాడు ఆన్‌లైన్‌లో మెర్వ్ 13 ఫిల్టర్ తెప్పించాడు. మెర్వ్ అంటే ఫిల్టర్ ఎంత సన్న నలుసుల్ని పడుతుందో చెప్పే నంబరు. "పాతది 8 అమ్మా, ఇది 13" అని సంబరం.

పది రోజులకే హాల్లో చల్లదనం తగ్గింది. జాలీ దగ్గర చెయ్యి పెడితే గాలి తగల్లేదు. ఆ మర్నాడు సోఫా మీద బొట్లు బొట్లుగా నీళ్లు. గ్యాస్ పోయిందేమో, ఎన్ని వేలవుతుందో అని ఒకటే టెన్షన్. మెకానిక్ మూత తీసి టార్చి కొట్టాడు. గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట, అదే కాయిల్, దాని మీద వేలు మందాన మంచు, ఫిల్టర్ అట్ట విల్లులా లోపలికి వంగిపోయి ఉంది. మా రాయచోటి కుర్రాడే, "టీ వడగట్టడానికి దుప్పటి పట్టుకున్నారమ్మా" అన్నాడు.

అతను చెప్పాక అర్థమైంది. గాలి ఆడకపోతే కాయిల్ మరీ చల్లబడి, దాని మీది తేమ గడ్డకడుతుంది. కరిగితే మన నెత్తిన. 13 రకం 0.3 నుంచి 1 మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యోవంతు) దాకా ఉండే నలుసుల్లోనూ కనీసం సగం పడుతుంది, నిజమే. కానీ పుప్పొడి రేణువు పది మైక్రాన్ల పైమాటే. దానికి 8 చాలు. 13 కావాలంటే మడతలెక్కువుండే నాలుగంగుళాల ఫిల్టర్ పెట్టాలట, మా మెషీన్‌లో చోటు అంగుళమే. పొగ బాధకైతే పడకగదిలో విడిగా హెపా ప్యూరిఫయర్ (అతి సన్న నలుసుల్నీ పట్టే ఫిల్టర్ ఉన్న గాలి శుద్ధి యంత్రం) నయం. ఇక మామూలు స్ప్లిట్ ఏసీలో ఉండేది ఉత్త జాలీ, సన్న దుమ్మును ఆపదు. రెండు వారాలకోసారి కడుక్కోవడమే.

నా ఫిర్యాదు అమ్మేవాళ్ల మీద. డబ్బా మీద నంబరు అరచేయంత ఉంది. గాలిని ఎంత అడ్డుకుంటుందో, ఎలాంటి మెషీన్‌కి పనికొస్తుందో ఒక్క ముక్క లేదు. అది అచ్చువేయడం తప్పనిసరి చేయాలి. మీ పత్రికలో ఏసీ ప్రకటనలు వేసే పేజీలోనే ఈ సంగతీ నాలుగు లైన్లు రాయించండి.

ఇప్పుడు మళ్లీ 8 పెట్టించాం. మార్చిన తేదీ క్యాలెండర్‌లో పాల లెక్క పక్కన రాసుకున్నాను.

- ఒక రిటైర్డ్ టీచరు, మారతహళ్లి, బెంగళూరు